కుట్టు మిషన్‌లో గుడ్డ జరిగే తీరు, కుట్టు సర్దుబాటు: తరచుగా అడిగే ప్రశ్నలు

టైలరింగ్ నేర్చుకుంటున్నవాళ్లు, ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లు, చిన్న షాపు నడుపుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కుట్టులో ఏ కాస్త తేడా వచ్చినా మన చెయ్యి ముందుగా దారం బిగుతు మార్చే టెన్షన్ నాబ్ మీదికే పోతుంది. చాలాసార్లు లోపం దారంలో ఉండదు, గుడ్డను జరిపే దగ్గర ఉంటుంది. అందుకే ఇక్కడ టెన్షన్ కంటే ఫీడింగ్ గురించే ఎక్కువ రాశాను.

ఫీడింగ్ అంటే ఏమిటి?

ఒక కుట్టు పడ్డాక, తర్వాతి కుట్టు పడేలోపు గుడ్డను కొలిచినట్టు అవతలికి జరపడం. ఆ పని చేసేది సూది ప్లేటు చీలికల్లోంచి పైకి కనిపించే పళ్ళ ముక్క, అంటే ఫీడ్ డాగ్. దాని మీద ప్రెషర్ ఫుట్ గుడ్డను అదిమి పడుతుంది. కింద పళ్ళు, పైన ఫుట్, మధ్యలో గుడ్డ. ఈ పట్టు సరిగ్గా ఉంటే ప్రతి కుట్టూ ఒకే పొడవులో పడుతుంది.

కుట్టేవాళ్ల చెయ్యి గుడ్డకు దారి చూపిస్తే చాలు. వెనక నుంచి లాగితే సూది వంగుతుంది. వంగిన సూది ప్లేటుకు తగిలి విరుగుతుంది, లేదంటే కింద పై దారాన్ని అందుకునే హుక్ కొనకు దారం అందక కుట్టు తప్పుతుంది. మిషన్ లాగాల్సిన గుడ్డను మనం లాగాల్సి వస్తోందంటే ఏదో సర్దాల్సిన పని ఉందన్నమాట. దాన్ని అలవాటు చేసుకోవద్దు.

మొట్టమొదటి మిషన్లలో గుడ్డ ఎలా జరిగేది?

ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంటు తీసుకున్న మిషన్‌లో కొన దగ్గర కన్నున్న సూది ఉంది, కింది దారాన్ని మోసే షటిల్ ఉంది, పై దారం కింది దారం ఒకదాన్నొకటి పట్టుకునే లాక్‌స్టిచ్ పడుతుంది. గుడ్డను నడిపే పద్ధతే సరిగా కుదరలేదు. పిన్నులు పొడుచుకొచ్చిన సన్నని లోహపు పట్టీకి గుడ్డను నిలువుగా గుచ్చి వేలాడదీయాలి. పట్టీ కొంచెం కొంచెంగా జరుగుతుంటే కుట్లు పడతాయి. పట్టీ చివరికి రాగానే మిషన్ ఆపి, గుడ్డ తీసి, పట్టీని మొదటికి తెచ్చి, మళ్లీ గుచ్చుకోవాలి. పొడవాటి కుట్టు ఏకధాటిగా వేయడం కుదరదు. మెడ వంపు, చంక వంపు లాంటివైతే చెప్పనే అక్కర్లేదు.

1849లో బోస్టన్‌కు చెందిన జాన్ బాచెల్డర్ గుడ్డను బల్ల మీద పరిచి, చిన్న ముళ్ళున్న తోలు బెల్టుతో ఆపకుండా నడిపించే ఏర్పాటుకు పేటెంటు పొందాడు. 1851లో ఐజక్ సింగర్ మిషన్‌లో బెల్టు స్థానంలో బల్ల చీలికలోంచి పైకి కనిపించే గరుకు చక్రం వచ్చింది. పైనుంచి స్ప్రింగుతో అదిమే ప్రెషర్ ఫుట్ కూడా ఉంది. ఇది పెద్ద ముందడుగు. అయితే చక్రం ఎప్పుడూ గుడ్డను అంటుకునే ఉంటుంది కాబట్టి, కుట్టే దిక్కు మార్చాలంటే గుడ్డ సులువుగా తిరగదు.

ఈ చిక్కు విప్పినవాడు అలెన్ విల్సన్. 1850లో ఆయన తెచ్చిన పళ్ళ పట్టీ ముందుకూ వెనక్కూ మాత్రమే కదిలేది. వెనక్కి వచ్చేటప్పుడు కూడా పళ్ళు గుడ్డను రాసుకుంటూనే వచ్చేవి. 1854 డిసెంబరులో ఆయన పేటెంటు తీసుకున్న పద్ధతిలో పళ్ళు పైకి లేచి గుడ్డను పడతాయి, అవతలికి జరుపుతాయి, కిందికి దిగుతాయి, గుడ్డకు తగలకుండా వెనక్కి వచ్చేస్తాయి. పళ్ళు దిగిన ఆ కాస్త సమయంలో గుడ్డకు స్వేచ్ఛ దొరుకుతుంది. సూది గుడ్డలో ఉండగా దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఈ రోజు మీ ఇంట్లో ఉన్న మిషన్ ఏ కంపెనీదైనా, లోపల జరిగేది దాదాపుగా ఇదే. సూది గురించి, షటిల్ గురించి చెప్పుకున్నంతగా విల్సన్ పళ్ళ గురించి ఎవరూ చెప్పుకోరు. ఇది అన్యాయమే అనిపిస్తుంది నాకు.

ఆ రోజుల్లో ఫీడింగ్ పేటెంట్లకు అంత విలువ ఉండేదా?

ఉండేది. 1856లో హోవ్‌తో పాటు సింగర్, వీలర్ అండ్ విల్సన్, గ్రోవర్ అండ్ బేకర్ కంపెనీలు తమ పేటెంట్లన్నిటినీ ఒక చోట చేర్చి, మిగతా తయారీదారుల దగ్గర లైసెన్సు సొమ్ము వసూలు చేశారు. హోవ్ పేటెంటు గడువు 1867లోనే ముగిసింది. అయినా ఆ కూటమి 1877 దాకా నడిచింది. అప్పటిదాకా నిలబెట్టింది బాచెల్డర్ ఫీడింగ్ పేటెంటే. దాని గడువు తీరాకే కూటమి ముగిసింది.

పళ్ళ నాలుగు కదలికలను కంటితో చూడడం ఎలా?

మిషన్‌లోంచి దారం తీసేయండి. ప్రెషర్ ఫుట్ ఎత్తి పెట్టండి. కుట్టు పొడవును ఎక్కువకు పెట్టి, మిషన్ పక్కనున్న చక్రాన్ని మీవైపు చేత్తో మెల్లగా తిప్పుతూ ప్లేటు దగ్గర కళ్లు పెట్టి చూడండి. సూది గుడ్డ మట్టం దాటి పైకి వెళ్లాక పళ్ళు ప్లేటు పైకి లేస్తాయి. లేచినవి అవతలికి జరుగుతాయి. సూది మళ్లీ కిందికి వచ్చే వేళకు పళ్ళు ప్లేటులోకి మునుగుతాయి. సూది కింద ఉండగా అవి లోపల్లోపలే వెనక్కి వస్తాయి.

సూది గుడ్డలో దిగాక కూడా పళ్ళు ఇంకా జరుపుతూనే ఉన్నాయంటే టైమింగ్ తప్పినట్టే. ఇండస్ట్రియల్ లాక్‌స్టిచ్ మిషన్లలో మెకానిక్ దీనికి ఒక గుర్తు పెట్టుకుంటాడు. పళ్ళు దిగుతూ ప్లేటు మట్టానికి వచ్చినప్పుడు, సూది కన్ను పైఅంచు కూడా ప్లేటు మట్టానికి రావాలి. పళ్ళను దీనికంటే కొంచెం ముందు కదిలేలా పెడితే గుడ్డ పొరలు ఎగుడుదిగుడుగా జరగడం తగ్గుతుంది. కొంచెం ఆలస్యంగా పెడితే కుట్టు బిగుతుగా పడుతుంది. ఇంట్లో దీన్ని మీరు కదిలించకండి, మెకానిక్‌కు వదిలేయండి. చూసి గుర్తుపట్టడం వస్తే చాలు, ఏం పాడైందో ఆయనకు సరిగ్గా చెప్పగలుగుతారు.

కుట్టు పొడవు మార్చే మీట లోపల ఏం చేస్తుంది?

మన ఇళ్లలో కాలితో తొక్కే నల్ల తల మిషన్లు చాలామటుకు సింగర్ 15 క్లాసు పోలికలో ఉంటాయి. వాటిని ఉదాహరణగా తీసుకుందాం. పైనున్న ప్రధాన షాఫ్టు మీద ఒక క్యామ్, అంటే తిరుగుతూ పక్క భాగాన్ని నెట్టే బిళ్ళ, ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక పొడవాటి ఫోర్క్ కిందికి దిగుతుంది. క్యామ్ తిరుగుతుంటే ఫోర్క్ పైకొన అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఫోర్క్‌కు ఒక చిన్న దిమ్మ ఉండి, అది ఒక గాడిలో జారుతుంది. మీరు మీట కదిపినప్పుడు మారేది ఆ గాడి వాలు.

గాడికి వాలు లేనప్పుడు దిమ్మ ఊరికే అటూ ఇటూ జారుతుంది, ఫోర్క్ పైకీ కిందికీ కదలదు, గుడ్డ జరగదు. వాలు పెరిగేకొద్దీ ఫోర్క్ పైకీ కిందికీ ఎక్కువ కదిలి, కింది షాఫ్టును ఎక్కువ ఊపుతుంది. పళ్ళు ఎక్కువ దూరం నడుస్తాయి, కుట్టు పొడవవుతుంది. వాలును రెండోవైపు తిప్పితే ఫోర్క్ కదలిక తారుమారై పళ్ళు గుడ్డను మీవైపు తోస్తాయి. అదే రివర్స్. కుట్టు పొడవుకూ రివర్స్‌కూ ఒకే మీట ఉండటానికి కారణం ఇదే. పళ్ళను పైకెత్తే పని వేరే భాగానిది. అందుకే మీటను సున్నా దగ్గర పెట్టినా పళ్ళు ఉన్నచోటే లేస్తూ దిగుతూ ఉంటాయి.

ముందుకు వేసిన కుట్టు పొడవు, రివర్స్‌లో వేసిన కుట్టు పొడవు సమానంగా లేకపోతే ఈ భాగంలో అరుగుదల గానీ సర్దుబాటు లోపం గానీ ఉన్నట్టు.

నా పాత మిషన్‌కు రివర్స్ లేదు. కుట్టు చివర ఊడిపోకుండా ఎలా?

చివరి అంగుళంలో కుట్టు పొడవు బాగా తగ్గించి కుట్టండి. లేదా సూదిని గుడ్డలో దించి, ఫుట్ ఎత్తి, గుడ్డను వెనక్కి తిప్పి నాలుగు కుట్లు వేయండి.

కొన్ని మిషన్ల మీద 1 నుంచి 4 దాకా, కొన్నిటి మీద 6 నుంచి 30 దాకా అంకెలున్నాయి. ఎందుకు?

చిన్న అంకెలున్నవి ఒక కుట్టు పొడవును మిల్లీమీటర్లలో చెబుతాయి. పెద్ద అంకెలున్నవి అంగుళానికి ఎన్ని కుట్లో చెబుతాయి. ఒకదాంట్లో అంకె పెరిగితే కుట్టు పెద్దదవుతుంది, రెండోదాంట్లో చిన్నదవుతుంది. అంగుళంలోని 25.4 మి.మీ.ను ఒకదానితో భాగిస్తే రెండోది వస్తుంది. 2.5 మి.మీ. అంటే అంగుళానికి దాదాపు 10 కుట్లు, 2 మి.మీ. అంటే 12 నుంచి 13, 4 మి.మీ. అంటే 6 చిల్లర.

పాత మిషన్ మీది అంకెను గుడ్డిగా నమ్మకండి. పళ్ళు అరిగినా, ఫుట్ ఒత్తిడి తగ్గినా అసలు పొడవు మారిపోతుంది. ఒక ముక్క మీద కుట్టి, స్కేలు పెట్టి అంగుళంలో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టుకోండి.

ఏ గుడ్డకు ఎంత పొడవు పెట్టాలి?

కాటన్ జాకెట్లు, చొక్కాలు, లంగాలకు 2 నుంచి 2.5 మి.మీ. సరిపోతుంది. పట్టు, జార్జెట్, షిఫాన్ లాంటి పలచటివాటికి 1.8 నుంచి 2. జీన్స్, కర్టెన్ గుడ్డలకు 3. ఫిట్టింగ్ చూసుకోవడానికి వేసే కచ్చా కుట్టుకు 4. రెక్సిన్‌కు 3 కంటే తగ్గించకపోవడమే మంచిది. దగ్గర దగ్గరగా చిల్లులు పడితే ఆ వరసలోనే చిరిగిపోతుంది. కుట్లు ఎక్కువైతే బలం ఎక్కువన్నది ఒక హద్దు దాకానే నిజం.

రెండు ముక్కలు సమానంగా కత్తిరించినా చివరికి పై ముక్క ఎందుకు మిగిలిపోతోంది?

మా దగ్గర ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. చాలామంది తమ కత్తిరింపే తప్పనుకుంటారు. కత్తిరింపు బాగానే ఉంటుంది. పళ్ళు పట్టుకునేది కింది పొరనే. పై పొర మీద ఫుట్ కదలకుండా కూర్చుని ఉంటుంది కాబట్టి అది పై పొరను వెనక్కి ఆపుతూ ఉంటుంది. ప్రతి కుట్టులో కింది పొర ఒక వెంట్రుకవాసి ఎక్కువ నడుస్తుంది. పొడవాటి కుట్టు పూర్తయ్యేసరికి ఆ తేడా కళ్లకు కనబడుతుంది.

మీ మిషన్‌లో ఎంత తేడా ఉందో చూసుకోండి. ఒకే గుడ్డలో అర మీటరు పొడవున రెండు పట్టీలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మొదట్లో మాత్రం పిన్ను పెట్టి, చెయ్యితో లాగకుండా చివరిదాకా కుట్టండి. పై పట్టీ ఎంత మిగిలిందో కొలవండి. తర్వాత ఫుట్ ఒత్తిడి కొద్దిగా తగ్గించి అదే పని మళ్లీ చేయండి. మిగిలేది తగ్గుతుంది. టెన్షన్ నాబ్ ముట్టకుండానే కుట్టు బాగుపడటం మీ కళ్లతో మీరే చూస్తారు.

అనుభవమున్న టైలర్లు ఈ తేడాను వాడుకుంటారు కూడా. చేతులు తగిలించేటప్పుడు కొంచెం ఎక్కువున్న ముక్కను కింద పెడతారు. ఆ ఎక్కువను పళ్ళే సర్దుకుంటూ లోపలికి తీసుకుంటాయి.

ఈ సమస్య లేకుండా చేసే మిషన్లు లేవా?

ఉన్నాయి, రకరకాల పద్ధతుల్లో. వాకింగ్ ఫుట్‌లో పైనా పళ్ళుంటాయి. కింది పళ్ళతో పాటు అవీ అడుగు వేసి పై పొరను నడుపుతాయి. ఇంటి మిషన్లకు విడిగా బిగించుకునే వాకింగ్ ఫుట్ దొరుకుతుంది. మీ మిషన్ షాంక్ (ఫుట్ బిగించే భాగం) ఎత్తుకు సరిపడేది చూసి కొనాలి. ప్ఫాఫ్ కంపెనీ ఇంటి మిషన్లలోనే పై ఫీడ్‌ను అమర్చి ఇస్తోంది. కావాలంటే దించుకుని, వద్దంటే పైకి మడిచి పెట్టుకోవచ్చు.

నీడిల్ ఫీడ్‌లో సూది గుడ్డలోకి దిగి, గుడ్డలో ఉండగానే పళ్ళతో పాటు అవతలికి నడుస్తుంది. సూదే అన్ని పొరలనూ గుచ్చి పట్టుకుని నడుస్తుంది కాబట్టి పొరలు ఒకదాని మీద ఒకటి జారలేవు. సూది, పళ్ళు, ఫుట్ మూడూ కలిసి నడిస్తే అది కాంపౌండ్ ఫీడ్. కారు సీట్లు, బ్యాగులు, సోఫా కవర్లు కుట్టేవాళ్లకు అది తప్పనిసరి. జాకెట్లు కుట్టే షాపుకు ఇంత అక్కర్లేదు.

ఫుట్ ఒత్తిడి ఎక్కడ, ఎలా మార్చాలి?

మిషన్ తల మీద, ఫుట్ కడ్డీకి సరిగ్గా పైన ఉండే స్క్రూతో. కొన్ని మిషన్లలో నొక్కే బటన్ ఉంటుంది. కుడివైపు తిప్పితే బిగుతు, ఎడమవైపు తిప్పితే వదులు. గుడ్డ మీద పళ్ళ గుర్తులు పడుతుంటే ఒత్తిడి ఎక్కువ. గుడ్డ పక్కకు ఈదుతున్నట్టు పోతున్నా, కుట్టు ఒకటి చిన్నది ఒకటి పెద్దదిగా పడుతున్నా ఒత్తిడి తక్కువ.

వేగానికీ దీనికీ సంబంధముంది. నిమిషానికి 5,000 కుట్లు వేసే ఫ్యాక్టరీ మిషన్‌లో ఒక్కో కుట్టుకు దొరికేది సెకనులో 83వ వంతు. ఆ వేగంలో ఫుట్ ఎగిరెగిరి పడుతుంది. అలా ఎగరకుండా అక్కడ ఒత్తిడి పెంచుతారు. అదే ఒత్తిడి ఇంట్లో మెల్లగా తొక్కే మిషన్‌కు పెడితే గుడ్డ నలిగిపోతుంది.

పళ్ళ ఎత్తు ఎంత ఉండాలి?

పళ్ళు బాగా పైకి లేచిన క్షణంలో ప్లేటు మీద ఎంత కనబడతాయన్నది లెక్క. ఇండస్ట్రియల్ మిషన్లలో మామూలు గుడ్డకు 0.8 మి.మీ. దగ్గర, దళసరి గుడ్డకు 1.2 మి.మీ. దగ్గర పెడతారు. ఎత్తు ఎక్కువైతే పలచటి గుడ్డ పళ్ళ మధ్యకు కుంగి ముడత పడుతుంది. తక్కువైతే గుడ్డ నడవదు, కుట్లు ఒకచోటే కుప్పపడతాయి. ఎత్తుతో పాటు పళ్ళ మధ్య దూరం కూడా ముఖ్యం. పలచటి గుడ్డలకు దగ్గరి సన్న పళ్ళు, దళసరికి దూరపు పెద్ద పళ్ళు.

గుడ్డ అంచును చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌లో డిఫరెన్షియల్ ఫీడ్ ఎందుకు?

సాగే గుడ్డ కోసం. అక్కడ పళ్ళు ఒకటి కాదు, ముందొక జత, వెనకొక జత. రెండిటి నడకనూ విడివిడిగా మార్చుకోవచ్చు. టీషర్టు అంచు అలలుగా సాగిపోతుంటే ముందు పళ్ళు ఎక్కువ, వెనక పళ్ళు తక్కువ నడిచేలా పెట్టాలి. ముందు జత తెచ్చిన గుడ్డను వెనక జత నెమ్మదిగా తీసుకోవడంతో సాగడానికి సందు ఉండదు. అంకె 1 అంటే రెండూ సమానం. ఇంటి ఓవర్‌లాక్‌లలో సాధారణంగా 0.7 నుంచి 2 దాకా ఉంటుంది. 2 దగ్గర పెడితే పలచటి గుడ్డకు కుచ్చులు పడతాయి. 1 కంటే తక్కువ పెడితే గుడ్డను కొంచెం లాగి పట్టి కుడుతుంది. జార్జెట్, నైలాన్ లాంటివాటికి ముడత రాకుండా అది పనికొస్తుంది.

జిగ్‌జాగ్‌లో వెడల్పు, పొడవు వేరువేరా?

వేరువేరు. వెడల్పు సూది పక్కలకు ఊగడం వల్ల వస్తుంది, పొడవు పళ్ళ వల్ల వస్తుంది. జిగ్‌జాగ్ మిషన్‌కు హెలెన్ బ్లాంచర్డ్ అనే అమెరికన్ మహిళ 1873లో పేటెంటు తీసుకున్నారు. పొడవును సున్నాకు దగ్గరగా తెస్తే కుట్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిండుగా పడతాయి. చీర అంచుకు పీకో చేసేటప్పుడు, బొత్తాం కాజాలు వేసేటప్పుడు వాడేది ఇదే.

మరి టెన్షన్ ఎప్పుడు ముట్టాలి?

పళ్ళు శుభ్రంగా ఉండి, ఫుట్ ఒత్తిడి సరిగా ఉండి, సూది కొత్తదై, దారం ఎక్కించిన తీరు ఒకసారి సరిచూసుకున్నాక. దారం ఎప్పుడూ ఫుట్ ఎత్తి ఉంచి ఎక్కించండి. ఫుట్ ఎత్తినప్పుడే టెన్షన్ బిళ్ళలు విడివడి దారం వాటి మధ్యలో కూర్చుంటుంది. కుట్టు అడుగున దారం గుత్తులు గుత్తులుగా పడితే కింది దారం చుట్టి ఉండే బాబిన్‌ను తిడతాం గానీ, అది పై దారం బిళ్ళల్లో కూర్చోకపోవడమే అయి ఉంటుంది.

పై దారం ఎరుపు, కింది దారం తెలుపు పెట్టి ఒక ముక్క కుట్టి చూడండి. పైన తెల్ల చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువ. అడుగున ఎర్ర చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ తక్కువ. రెండు దారాలూ గుడ్డ మందంలో కలుసుకుంటే సరి. పై నాబ్‌తో కుదరనప్పుడే బాబిన్ కేస్ దగ్గరికి వెళ్లండి. దాని స్ప్రింగు పట్టీ మీది చిన్న స్క్రూను గడియారంలో అయిదు నిమిషాలు జరిగినంత తిప్పి, మళ్లీ కుట్టి చూడాలి. బాబిన్ కేస్‌ను దారం పట్టుకుని వేలాడదీస్తే దానంతటది జారకూడదు. చేతిని చిన్నగా కుదిపితే కొంచెం దిగి ఆగాలి.

పట్టు జాకెట్ మీద కుట్టు పొడుగునా ముడతలు. టెన్షన్ వల్లా, ఫీడింగ్ వల్లా?

తెలుసుకునే ఉపాయముంది. కుట్టిన ముక్కలో రెండు మూడు అంగుళాలకొకచోట దారాన్ని కత్తిరించండి. ముడత వెంటనే సాపయితే దారం బిగుతు కారణం. పొరలు పొట్టీ పొడుగూ అయి ముడత అలాగే నిలిస్తే ఫీడింగ్ కారణం. మొదటిదానికి రెండు టెన్షన్లూ కొంచెం తగ్గించి, 11 నంబరు సూది, సన్న దారం వాడండి. రెండోదానికి ఫుట్ ఒత్తిడి తగ్గించండి, లైనింగును అంగుళానికొక పిన్నుతో పట్టించి కుట్టండి, వీలైతే సన్న పళ్ళు, చిన్న చిల్లున్న ప్లేటు వేయించండి. మరీ పలచని గుడ్డను చిల్లులోకి సూది లాగేసుకుంటుంటే అడుగున టిష్యూ పేపరు పెట్టి కుట్టి తర్వాత చించేయండి.

పళ్ళు దించుకునే ఏర్పాటు ఎందుకు?

గుడ్డను మీ చేత్తో మీరే నడపాల్సిన పనులకు. రఫ్ఫు చేయడం, మిషన్ ఎంబ్రాయిడరీ, బొత్తాలు కుట్టడం లాంటివి. దించే నాబ్ లేని మిషన్లకు పళ్ళ మీద కప్పే ప్లేటు వస్తుంది. పని అయ్యాక పళ్ళు ఎత్తడం మర్చిపోయి, గుడ్డ నడవడం లేదని మెకానిక్ దగ్గరికి తెచ్చేవాళ్లు చాలామంది. ముందు ఆ నాబ్ చూడండి.

ఎలక్ట్రానిక్ మిషన్లలో ఏం మారింది?

1975లో సింగర్ అథీనా 2000తో ఇంటి మిషన్లలోకి ఎలక్ట్రానిక్స్ వచ్చింది. ఇప్పటి మిషన్లలో గాడి వాలు మార్చే పనిని స్టెప్పర్ మోటారు చేస్తుంది. అందువల్ల ప్రతి కుట్టుకూ పొడవు వేరుగా పెట్టవచ్చు. ఫ్యాక్టరీ మిషన్లలో జూకీ డీడీఎల్-9000సీ లాంటివి ఇంకో అడుగు ముందుకెళ్లాయి. పళ్ళ ఎత్తు, అవి నడిచే దారి ఆకారం కూడా గుడ్డను బట్టి ప్యానెల్ మీదే మార్చుకోవచ్చు. అయినా అవీ లేస్తాయి, జరుపుతాయి, దిగుతాయి, వెనక్కి వస్తాయి.

పళ్ళు ఎప్పుడు మార్చాలి?

ముందు శుభ్రం చేయండి. సూది తీసి, ప్లేటు రెండు స్క్రూలూ విప్పితే పళ్ళ వరసల మధ్య నూలు దుమ్ము గట్టిపడి అట్టలా కనబడుతుంది. అది పేరుకుంటే పళ్ళు ఎంత లేచినా కొనలు గుడ్డకు అందవు. సన్న కడ్డీతో గీకి, బ్రష్‌తో దులపండి. ఊదకండి, దుమ్ము లోపలికి పోతుంది. తర్వాత వేలికొనను పళ్ళ మీద అవతలి నుంచి మీవైపు మెల్లగా రాయండి. కొనలు వేలికి గుచ్చుకుంటే ఇంకా పనిచేస్తాయి. నున్నగా జారిపోతే, మెరుస్తూ కనిపిస్తే అరిగినట్టే. ఆకురాయి పెట్టి పదును చేయించవద్దు, ఎత్తు తగ్గిపోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి స్క్రూ రంధ్రాలు, పళ్ళ వరసల సంఖ్య పోల్చి చూసుకోండి. మార్చాక ప్లేటు బిగించి, చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి, పళ్ళు చీలిక అంచులకు ఎక్కడా తగలడం లేదని చూశాకే దారం ఎక్కించండి.